తెల్లబడిన వేటకుక్క: జపాన్ కిషూ జాతిని కాపాడటంలో ఉన్న చిక్కు

జపాన్ ప్రభుత్వం 1934లో కిషూ కుక్కని ‘సహజ స్మారకం’గా ప్రకటించింది. అరుదైన చెట్లకీ, పక్షులకీ, వింతైన సహజ శిలారూపాలకీ ఇచ్చే గుర్తింపే అది. ఆ కాలంలో కీ ద్వీపకల్పపు కొండ ఊళ్లలో వేటగాళ్ల వెంట తిరిగిన ఈ కుక్కలు ఒక్క రంగువి కావు. ఎర్రవి, నువ్వుల రంగువి, పులిచారలవి, తెల్లవి అన్నీ ఉండేవి. ఇప్పుడు ఏ ప్రదర్శనలో చూసినా కిషూ అంటే దాదాపుగా తెల్లకుక్కే. పేరు మారలేదు, చట్టంలో హోదా మారలేదు, కుక్క మాత్రం మారింది. రంగు కంటికి ఆనుతుంది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు. కంటికి ఆననివి ఇంకా కొన్ని పోయాయి, కొన్ని పోతున్నాయి.

ఏ కుక్కజాతి అయినా నిలబడేది ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు ఈ మగకుక్కనీ ఆ ఆడకుక్కనీ ఎంచి జతకట్టిస్తేనే. ఎంచేవాడు దేన్ని చూసి ఎంచుతాడో అదే తర్వాతి తరానికి అందుతుంది. వాడు చూడనిది జారిపోతుంది. కిషూ విషయంలో చట్టం, సంఘం, ప్రదర్శన, వేట, పెంపుడు కుక్కల బజారు, ఇవన్నీ తలా ఒకదాన్ని చూసి ఎంచాయి. చిక్కంతా అక్కడ పడింది.

కొండా కుక్కా

కీ ద్వీపకల్పం జపాన్ ప్రధాన దీవికి దక్షిణాన సముద్రంలోకి పొడుచుకొచ్చిన భాగం. నేటి వకయామ, మియె, నారా జిల్లాలు అందులోవే. లోపలంతా నిటారు కొండలు, దేవదారు తోటలు, విపరీతమైన వాన. తూర్పు తీరంలోని ఓవాసె పట్టణంలో ఏడాదికి దాదాపు 3,900 మిల్లీమీటర్లు కురుస్తుంది. ఈ కొండల్లో రైతుకి ప్రధాన శత్రువు అడవిపంది. గాయపడిన తోడేలుకి సాయం చేసిన వేటగాడికి ఆ తోడేలు తన పిల్లని ఇచ్చిందనీ, దాని సంతతే ఈ కుక్కలనీ ఆ ప్రాంతంలో ఒక కథ ఉంది. కథని కథగానే ఉంచుకోవాలి. నిటారు చెవులూ బిగువైన శరీరమూ ఉన్న ప్రతి వేటకుక్కకీ లోకంలో ఎక్కడో ఒకచోట తోడేలు తాత ఉంటాడు.

కిషూ మధ్యస్థ పరిమాణం కుక్క. భుజం దగ్గర మగది 52 సెంటీమీటర్లు, అటూ ఇటూ 3 సెంటీమీటర్లు తేడా ఉండొచ్చు. బరువు 15 నుంచి 23 కిలోల మధ్య. ఎత్తు 10 పాళ్లయితే పొడవు 11 పాళ్లు. రెండు పొరల బొచ్చు, ముందుకి వాలిన చిన్న చెవులు, వీపు మీదికి చుట్టుకున్న తోక, లేదా కొడవలిలా వంగిన తోక.

దాని వేట తీరు మాత్రం మామూలు జాగిలాల తీరు కాదు. గుంపుగా అరుస్తూ తరమదు. ఒక తుపాకీ, ఒక కుక్క, మహా అయితే రెండు మూడు. తెల్లవారగానే వేటగాడు తాజాగా తవ్విన నేల, పంది పొర్లిన బురదగుంట, గిట్టల జాడ వెతుకుతాడు. కుక్కని వదిలితే అది చుట్టూ వలయంగా తిరిగి, మధ్యమధ్య యజమాని ఎక్కడున్నాడో చూసుకుని, మళ్లీ పోతుంది. జాడ పట్టాక చప్పుడు చేయదు. పందికి ఎదురుపడ్డాకే మొరుగుతుంది. అంతదాకా మౌనంగా వెళ్లడం వల్ల పందికి ముందే తప్పించుకునే అవకాశం దొరకదు. ఆ తర్వాత కుక్క చేయాల్సింది చంపడం కాదు, నిలబెట్టడం. ఒకటి రెండు మీటర్ల దూరంలో ముందుకి దూకుతూ వెనక్కి తగ్గుతూ, పంది కదిలితే వెనక కాలు కొరికి తిప్పుతూ, మనిషి వచ్చేదాకా దాన్ని అక్కడే ఆపాలి. 20 కిలోల కుక్క 80 కిలోల పందిని ఆపడం బలంతో అయ్యే పని కాదు. దూరాన్ని అంచనా వేయగల తెలివి కావాలి.

ఈ తెలివే ఈ జాతికి ప్రాణం. ఏ కొలబద్దతోనూ కొలవలేనిదీ ఇదే.

కాగితం చేసిన మేలు

1868 తర్వాత జపాన్ తలుపులు తెరుచుకున్నాక పాశ్చాత్య కుక్కలు వెల్లువలా వచ్చాయి. పక్షుల వేటకి పాయింటర్లు, సెట్టర్లు, మిగతా పనులకి మరికొన్ని. ఊరి కుక్కల్ని కట్టి ఉంచే అలవాటు లేదు కాబట్టి పట్టణాల దగ్గర ఒకటి రెండు తరాల్లోనే అన్నీ కలగలిసిపోయాయి. 1920ల నాటికి నిటారు చెవులు, చుట్టతోక ఉన్న పాత కుక్క కావాలంటే రోడ్డు లేని కొండ ఊళ్లకే వెళ్లాల్సి వచ్చేది.

1928లో సైతో హిరోకిచి ‘నిహోన్ కెన్ హొజోన్‌కాయ్’ని, అంటే జపాన్ కుక్కల పరిరక్షణ సంఘాన్ని స్థాపించాడు. పొట్టిగా ‘నిప్పో’ అంటారు. షిబుయా స్టేషన్ దగ్గర చనిపోయిన యజమాని కోసం ఎదురుచూసిన హాచికో గురించి 1932లో పత్రికకెక్కించి దేశమంతా తెలిసేలా చేసినదీ ఇతనే. 1934లో సంఘం ఒక ప్రమాణపత్రం తయారుచేసింది. ప్రభుత్వం 1931లో అకిటాతో మొదలుపెట్టి, 1934లో కాయ్, కిషూ, కొషి జాతులకీ, 1936లో షిబాకి, 1937లో షికోకు, హొక్కైడో జాతులకీ స్మారక హోదా ఇచ్చింది. మొత్తం ఏడు.

ఈ హోదా వల్ల నిజంగా ఒరిగిందేమిటి? యుద్ధకాలంలో ఒక మేలు జరిగింది. 1944 డిసెంబరులో ప్రభుత్వం తోళ్ల కోసం, రేబిస్ అదుపు కోసం పెంపుడు కుక్కల్ని అప్పగించాలని ఉత్తర్వు పంపింది. సైనిక, పోలీసు కుక్కలు, నమోదైన వేటకుక్కలు, స్మారక హోదా ఉన్నవి మాత్రం మినహాయింపు. తిండికే కరువైన రోజుల్లో ఆ మినహాయింపు అన్నిచోట్లా పనిచేసిందనుకోలేం. అయినా దాని అండతో బతికి బయటపడ్డ కుక్కలున్నాయి. యుద్ధం ముగిశాక డిస్టెంపర్ అనే అంటువ్యాధి వచ్చి మిగిలినవాటిని ఊడ్చేసింది. టీకా లేని కొండల్లో ఒక ఈతలో పుట్టిన పిల్లలన్నీ పోవడం మామూలయింది.

ఇక హోదా చేయలేనిదేమిటో కొషి నో ఇను చూపించింది. జపాన్ సముద్రం వైపున్న హోకురికు ప్రాంతపు వేటకుక్క అది. 1934లోనే గుర్తింపు వచ్చింది. అయినా అంతరించిపోయింది. చట్టం ఆ జాతిని స్మారకం అంది తప్ప ఏ మగకుక్కని ఎవరు పోషించాలో, ఏ ఆడకుక్కకి జతకట్టాలో చెప్పలేదు, చట్టం చెప్పగలిగేదీ కాదు. గుడినైతే ప్రకటించాక తాళం వేసి కాపలా పెట్టొచ్చు. కుక్కని ప్రతి పన్నెండేళ్లకీ మళ్లీ కొత్తగా పుట్టించాలి. ఏడు ఆరయ్యాయి.

రంగు ఎలా పోయింది

ప్రమాణపత్రం జపాన్ కుక్కల్ని పెద్ద, మధ్యస్థ, చిన్న అని మూడు తరగతులు చేసింది. మధ్యస్థ తరగతిలో ఇప్పుడు మిగిలినవి నాలుగు వేటజాతులు: కాయ్, కిషూ, షికోకు, హొక్కైడో. నాలుగింటికీ శరీర లక్షణాలు ఇంచుమించు ఒకటే. మరి జాతిని జాతి నుంచి వేరు చేసేదేది? చాలావరకు బొచ్చు రంగే. చారలు కాయ్‌కి పోయాయి. నువ్వుల రంగు, అంటే ఎరుపు మీద నలుపు కొసలు చల్లినట్టుండేది, షికోకుకి గుర్తయింది. కిషూకి 1934 నుంచి చారలు, మచ్చలు పనికిరావన్నారు. తెలుపు, ఎరుపు, నువ్వుల రంగు మిగిలాయి. వాటిలోనూ యుద్ధం తర్వాత తెలుపే ఏలింది.

తెలుపుని ఇష్టపడటానికి వేటగాళ్ల కారణం ఒకటుంది. చీకటి పట్టిన దేవదారు తోటలో పందికీ కుక్కకీ మధ్య తేడా కనబడాలి, తుపాకీ గురి తప్పకూడదు. ఇది సబబైన కారణమే. కానీ రంగు కుక్కలు అరుదైపోయేదాకా తెలుపునే పట్టుకోవడానికి ఆ కారణం చాలదు. ప్రదర్శనలో గెలిచిన తెల్ల మగకుక్కల దగ్గరికే అందరూ వెళ్లారు. కొనేవాళ్లు కిషూ అంటే తెల్లదే అడిగారు. ఎర్రపిల్ల పుడితే దాన్ని పిల్లల్ని పుట్టించే పెంపకానికి ఉంచకుండా ఇంట్లో పెంచుకునేవాళ్లకి ఇచ్చేశారు. ఎవరూ కూర్చుని రంగుల్ని తుడిచేద్దామని తీర్మానించలేదు. ఒక్కొక్కరు ఒక్కో సబబైన నిర్ణయం తీసుకున్నారు, అన్నీ ఒకే దిక్కుకి తీసుకుపోయాయి.

పోయింది వర్ణం ఒక్కటే అయితే పెద్ద నష్టమేమీ కాదు. కానీ ఒక రంగు కుటుంబాన్ని పక్కన పెడితే ఆ కుటుంబం మోస్తున్న మిగతా జన్యువులు కూడా పక్కకి పోతాయి: రోగనిరోధక శక్తికి, కీళ్ల బిగువుకి, జాడ పట్టే ముక్కుకి సంబంధించినవన్నీ. పూర్వం ఒక్కో లోయకి ఒక్కో కుక్కల పాయ ఉండేది. పాయలన్నీ ఒక పేరు కింద చేరాక, ఒకే రంగు కింద ఇరుకైపోయాయి.

ఇక్కడ తెలుగువాళ్లకి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. తమిళనాడులో తెలుగు రాజులు స్థిరపడ్డ రాజపాళయం ఊరి పేరుతోనే ఒక వేటకుక్క జాతి ఉంది. దాన్నీ పాలతెలుపు, గులాబీ ముక్కు కోసం తరతరాలుగా ఎంచారు. ఫలితంగా పుట్టు చెవుడు ఆ జాతిలో తెలిసిన సమస్య అయింది. తెలుపు ఉన్న ప్రతి జాతికీ ఇది వర్తిస్తుందనుకుంటే మాత్రం పొరపాటు. రాజపాళయంలో చర్మానికి, ముక్కుకి రంగునిచ్చే కణాలే ఆయా చోట్లకి చేరవు. లోపలి చెవి పనిచేయడానికి కూడా ఆ కణాలు కావాలి, అందుకే చెవుడు. కిషూలో ముక్కు, కళ్ల అంచులు, పెదవులు నల్లగా ఉంటాయి. కణాలు ఉన్నాయి, బొచ్చులోకి చేరే ఎర్రవర్ణం మాత్రం బాగా పలచబడింది. కొన్నిటికి చెవుల మీద, వీపు మీద లేత గోధుమచాయ తొంగిచూసేది అందుకే. కాబట్టి కిషూ తెలుపు దానంతట అది జబ్బు కాదు. ముక్కు గులాబీకి తిరిగిన పిల్లని పెంపకంలోకి తీసుకోకపోవడం మాత్రం మంచిది.

వేటగాడు ఎంచితే సరిపోతుందా?

ప్రదర్శన జాతిని పాడుచేసింది, వేటగాళ్లకే వదిలేస్తే బాగుండేది అనే మాట తరచూ వినిపిస్తుంది. సగమే నిజం. నిప్పో ప్రదర్శనలో పొద్దున ఒక్కో కుక్కనీ విడిగా చూస్తారు: ఎత్తు, నోట్లో 42 పళ్లు, కళ్ల ఆకారం, నిలబడే తీరు. మధ్యాహ్నం పక్కపక్కన నిలిపి పోలుస్తారు. ధైర్యం, అదుపు, ఆడంబరం లేని తీరు కూడా చూడాలని ప్రమాణంలో రాసే ఉంది. కానీ రింగులో ఎదుటి కుక్కని చూసి ఛాతీ విరిచి నిలబడటం ఒకటి, పంది ముందు నిలబడటం ఇంకొకటి. మొదటిదాన్ని బట్టి రెండోదాన్ని ఊహించలేం.

వేటగాడి ఎంపికలోనూ లోపాలున్నాయి. పందిని మొరిగి ఆపే కుక్క, కరిచి పట్టుకునే కుక్క అని రెండు రకాలు తేలతాయి. కరిచి పట్టే కుక్క చూడటానికి గొప్పగా ఉంటుంది, చిన్నపందిని గబాల్న పడేస్తుంది. యజమాని దాని గురించి ఊరంతా చెప్పుకుంటాడు, నాలుగు ఆడకుక్కలకి కట్టిస్తాడు. పెద్ద మగపంది ఎదురైన రోజున కోర దిగి కుక్క పోతుంది. మరీ దూరం నుంచి మొరిగేది ఎక్కువ కాలం బతుకుతుంది, కానీ పంది నిలబడదు. కావాల్సింది ఈ రెంటికీ మధ్య. చాలామంది మెచ్చేది మాత్రం మొదటి రకాన్నే. అదీగాక వేటలో నికార్సయిన కుక్క పిల్లల్ని కనక ముందే చచ్చిపోయే అవకాశం ఎక్కువ. అందుకే మంచి మగకుక్కని మూడో వేట కాలం రాకముందే ఒకసారైనా కట్టించడం, లేదా వీర్యం దాచడం అవసరం.

మంచి రక్తం ఉన్న కుక్కని శిక్షణలో చెడగొట్టడం కూడా తేలికే. కంచె వేసిన శిక్షణ స్థలంలో ఐదారు నెలల పిల్లకి పందిని దూరం నుంచి చూపిస్తారు. పంది మరీ పెద్దదైతే, ఒక్కసారి కుమ్మించుకున్న పిల్ల జన్మంతా భయపడొచ్చు. మరీ చిన్నదైతే కరిచి పట్టడం అలవాటవుతుంది, పెద్దదాని మీద అదే చేసి చస్తుంది. తన బరువుకి కొంచెం ఎక్కువ ఉన్న పంది, కొద్ది నిమిషాలు, ఉత్సాహం ఇంకా ఉండగానే బయటికి తీసుకురావడం మంచి పద్ధతి. పందికి అలవాటుపడ్డ పెద్దకుక్క తోడుంటే నేర్చుకోవడం తొందరగా సాగుతుంది. కానీ ఎప్పుడూ దాని తోడుతోనే పంపితే, పిల్ల ఒంటరిగా ఏమి చేయగలదో తేలదు. ఏ కుక్కని పెంపకానికి పెట్టాలో నిర్ణయించాలంటే దాన్ని ఒంటరిగా కనీసం ఒక పూర్తి వేట కాలం చూడాలి.

మౌనంగా వేటాడే కుక్కతో ఇంకో ఇబ్బంది: అది ఎక్కడుందో తెలియదు. ఇప్పుడు జీపీఎస్ కాలర్లు వాడుతున్నారు. అమెరికా నుంచి తెప్పించిన కాలర్ వాడితే అది జపాన్ రేడియో చట్టం ప్రకారం నేరం, తరంగాల పట్టీ వేరు. దేశంలో అనుమతి పొందినదే కొనాలి. ఉచ్చులు మరో ప్రమాదం. పందుల కోసం పెట్టే తీగ ఉచ్చు వ్యాసం 12 సెంటీమీటర్లు దాటకూడదనే నియమం ఎలుగుబంట్లని తప్పించడానికి. కుక్క కాలు అందులో హాయిగా పడుతుంది.

కోర దెబ్బ బయటికి రెండంగుళాల చీలికలా కనిపిస్తుంది, లోపల చర్మం కింద జానెడు దాకా సంచిలా విడిపోయి ఉంటుంది. బురద, వెంట్రుకలు లోపల ఉండగా కొండ మీదే కుట్టేయడం మామూలుగా జరిగే తప్పు. మూడో రోజుకి చీము పడుతుంది. సెలైన్‌తో ధారాళంగా కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, కుట్లు పశువైద్యుడికి వదిలేయాలి. పేగు బయటికి వస్తే లోపలికి తోయకూడదు. తడిగుడ్డ చుట్టి, కుక్కని మోసుకుంటూ దిగాలి. పచ్చి పందిమాంసం కుక్కకి పెట్టే పాత అలవాటు మానాలి. ఆయెస్కీ వైరస్ పందికి సోకినా అంతగా బయటపడదు, కుక్కకి సోకితే లక్షణాలు మొదలైన ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. పడమటి జపాన్‌లో పిడుదులు మోసే బబీసియా అనే పరాన్నజీవి కూడా వేటకుక్కలకి పెద్ద బాధ.

అసలు సమస్య వేటగాళ్లే తగ్గిపోవడం. 1975లో జపాన్‌లో వేట లైసెన్సులు 5 లక్షలకి పైనే. ఇప్పుడు అందులో సగానికి కూడా చేరవు, ఉన్నవాళ్లలో సగానికి పైగా 60 ఏళ్లు దాటినవాళ్లు. పందుల బెడద తగ్గిందా అంటే లేదు. ఊళ్లు ఖాళీ అయ్యాక పెరిగింది. కానీ కొత్తగా లైసెన్సు తీసుకునేవాళ్లు ఎక్కువగా ఉచ్చుల వైపు వెళ్తున్నారు. ఉచ్చుకి తిండి పెట్టక్కర్లేదు, రాత్రిళ్లు అరవదు. తుపాకీతో వేటాడేవాళ్లలోనూ చాలామంది జాడ పట్టి తరిమే పాశ్చాత్య జాగిలాలని, సంకరాలని పెట్టుకున్నారు. కిషూని వేట కోసమే పెంచే కుటుంబం కొండల్లో ఒకటి మూతపడితే ఆ పాయ అక్కడితో ఆగిపోతుంది.

లెక్క తప్పేది ఎక్కడ

నిప్పో నమోదుల్లో దాదాపు 80 శాతం షిబాలే. కిషూ పిల్లలు ఏటా కొన్ని వందలు మాత్రమే. కొన్ని వందలంటే భయపడాల్సిన సంఖ్యలా అనిపించదు. కానీ చూడాల్సింది తలల లెక్క కాదు, ఎన్ని మగకుక్కలు తండ్రులయ్యాయన్నది.

మగవాటి సంఖ్యని ఆడవాటి సంఖ్యతో గుణించి, దాన్ని 4తో గుణించి, మొత్తం మగ ఆడల సంఖ్యతో భాగిస్తే ‘ఫలప్రద జనాభా’ వస్తుంది. 100 ఆడకుక్కలకి 5 మగకుక్కలే వాడారనుకోండి. 4 × 5 × 100 = 2,000; 105తో భాగిస్తే 19. అంటే 105 కుక్కలున్నా, రక్తసంబంధం పెరిగే వేగం 19 కుక్కలే ఉన్నప్పటి వేగంతో సమానం. ఒక్కో తరానికి పెరుగుదల ఆ సంఖ్యకి రెట్టింపుతో 1ని భాగించినంత: 2.6 శాతం. పది తరాలు గడిస్తే 23 శాతం. తోడబుట్టిన అన్నాచెల్లెళ్లని కట్టిస్తే పుట్టే పిల్లల్లో ఉండేది 25 శాతం. ఎవరూ దగ్గరి సంబంధం కలపకపోయినా, 35, 40 ఏళ్లలో జాతి మొత్తం దాదాపు అక్కడికి చేరుతుంది.

అదే 100 ఆడకుక్కలకి 25 మగకుక్కలు వాడితే? 10,000ని 125తో భాగిస్తే 80. తరానికి 0.6 శాతం, పది తరాలకి 6 శాతం. ఇది మేనరికం స్థాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పశుజాతులకి కనీసం 50 ఉండాలని సూచిస్తుంది. 100 ఆడవాటికి 15 మగవి వాడితే ఆ గీత దాటుతాం. కొత్తగా ఒక్క ఆడకుక్కని కూడా పెంచనక్కర్లేదు. గెలిచిన మగకుక్క ఇంటి ముందు వరస కట్టకుండా ఉంటే చాలు.

అందుకని పరిరక్షణలో మొదట చేయాల్సింది మగకుక్కకి పరిమితి పెట్టడం. అంతర్జాతీయ శునక సమాఖ్య సూచన ఇలా ఉంటుంది: ఏ కుక్క సంతానమైనా ఆ జాతిలో ఐదేళ్లలో నమోదైన పిల్లల్లో 5 శాతం దాటకూడదు. ఏటా 300 పిల్లలు నమోదవుతాయనుకుంటే ఐదేళ్లకి 1,500. అందులో 5 శాతం 75. ఈతకి నాలుగు పిల్లల చొప్పున 18 ఈతలు. చిన్న జాతికి ఇది కూడా ఎక్కువే, 10 ఈతల దగ్గర ఆపడం మేలు.

రెండోది, వంశపత్రం మీద కనిపించే మూడు నాలుగు తరాల్ని చూసి ‘బయటి సంబంధం’ అనుకోవడం మానాలి. మూడు తరాల్లో ఒక్క పేరూ కలవని జంటకి ఆరో తరంలో నాలుగుచోట్ల ఒకే తాత ఉండొచ్చు. యుద్ధం తర్వాత కొద్ది కుక్కల నుంచి మళ్లీ లేచిన జాతిలో ఇది తప్పనిసరిగా ఉంటుంది. కనీసం ఎనిమిది తరాలు తవ్వాలి, లేదా డీఎన్‌ఏ పరీక్షతో నేరుగా చూడాలి. మూడోది, ఒక ఈతలో గెలిచే పిల్లనొక్కదాన్నే కాకుండా మరొకదాన్ని కూడా పెంపకానికి ఉంచడం. రంగు పిల్లలకి ఇక్కడే చోటు దొరుకుతుంది. ఎరుపు, నువ్వుల రంగు ప్రమాణంలో ఇప్పటికీ ఒప్పినవే, అడ్డం అభిరుచి మాత్రమే. తెల్ల ఆడకుక్కకి మంచి ఎర్ర మగకుక్కని కట్టించడానికి ఏ నియమమూ మార్చాల్సిన పని లేదు.

కదిలించలేని దూరాలకి గడ్డకట్టించిన వీర్యం ఉంది. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర దశాబ్దాలు నిలుస్తుంది. తప్పు జరిగేది సమయం దగ్గర. కరిగించాక అది ఒక రోజుకి మించి బతకదు, అండం మాత్రం విడుదలయ్యాక పక్వం కావడానికి రెండు రోజులు తీసుకుంటుంది. ఎదకొచ్చిన ఐదో రోజు నుంచి రోజు విడిచి రోజు రక్తంలో ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఎంతుందో చూడాలి. మిల్లీలీటరుకి 5 నానోగ్రాములు దాటితే అండం విడుదలవుతున్నట్టు. అక్కడి నుంచి రెండు మూడు రోజులకి వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపాలి. రక్తస్రావం మొదలైన రోజు నుంచి పదకొండు, పదమూడు అని వేళ్ల మీద లెక్కపెట్టే పద్ధతి సహజ సంపర్కంలో నడుస్తుంది, ఇక్కడ నడవదు. వీర్యం దాచిన ఖరీదైన స్ట్రాలు (సన్న గొట్టాలు) అలాగే వృథా అవుతుంటాయి.

బజారు, చట్టం

2021 జూన్ నుంచి జపాన్‌లో 56 రోజులు నిండని కుక్కపిల్లని అమ్మకూడదు. స్మారక హోదా ఉన్న ఆరు జాతులకి మాత్రం, పెంచినవాడు నేరుగా పెంచుకునేవాడికి అమ్మితే, 49 రోజులకే సడలింపు ఇచ్చారు. పరిరక్షణ పేరుతో వచ్చిన సడలింపు ఇది. దీనికి పెట్టిన పేరు గొప్పది, ఫలితం మాత్రం అనుమానమే. ఏడు నుంచి ఎనిమిది వారాల మధ్య తోబుట్టువులతో ఆడుతూ పంటి బలాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకునే కాలం అది. పట్టు ఎక్కువున్న వేటజాతికి ఆ వారం మిగతా జాతులకన్నా ఎక్కువ అవసరం. అప్పుడే వచ్చిన మరో నియమం, ఆడకుక్కకి జీవితంలో ఆరు ఈతలకి మించకూడదనీ ఏడేళ్లు నిండాక మామూలుగా కట్టించకూడదనీ, ఇలాంటి జాతికి మేలే చేస్తుంది.

పంది కోసం ఎంచిన కుక్క అపార్ట్‌మెంట్లో ఎలా ఉంటుందో ముందే ఆలోచించుకోవాలి. 2015లో టోక్యో పక్కన మత్సుదోలో ఒక కిషూ యజమానితో సహా కొందరిని కరిస్తే, పోలీసులు 13 గుండ్లు పేల్చి చంపారు. ఒక్క ఘటనతో జాతికి ముద్ర వేయడం తప్పు. చాలా కిషూలు ఇంట్లో నిశ్శబ్దంగా, ఒక్క మనిషికి అతుక్కుని బతుకుతాయి. కానీ మగకుక్కకి మగకుక్క పడదు, పరుగెత్తే పిల్లికి క్షమాపణ ఉండదు. రోజుకి గంటన్నర నడక, మూడో నెల నుంచే కొత్త మనుషులు, కొత్త కుక్కలు, పళ్లెం ముట్టనివ్వడం, గోళ్లు కత్తిరించనివ్వడం అలవాటు చేయాలి. రెండో ఏడు వచ్చాక మొదలుపెడదామనుకుంటే అప్పటికే ఆలస్యం.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒకటి తెచ్చుకోవచ్చా అని అడిగేవాళ్లున్నారు. పెంపకం వ్యాపారానికి విదేశీ కుక్కల్ని తేవడాన్ని విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ 2016లో ఆపేసింది. ఇల్లు మారి తిరిగొచ్చేవాళ్ల సొంత పెంపుడు కుక్కలకి దారి ఉంది. మే నెల ఎండలో రెండు పొరల బొచ్చుకి రోజంతా చల్లటి గది కావాలి. అంతకన్నా పెద్ద సంగతి: ఇక్కడికొచ్చిన కుక్క ఇక్కడ జత లేక ఆగిపోతుంది. మనసు మారి తిరిగి పంపాలంటే మైక్రోచిప్ వేయించి, రెండు రేబిస్ టీకాలు ఇప్పించి, రక్తంలో ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకి 0.5 అంతర్జాతీయ యూనిట్లకి తగ్గలేదని పరీక్ష చేయించాలి. రక్తం తీసిన రోజు నుంచి 180 రోజులు ఆగాలి, చేరడానికి 40 రోజుల ముందే జపాన్ క్వారంటైన్‌కి తెలియజేయాలి. ఆ లెక్కన ఏడెనిమిది నెలలు. కొన్ని వందలు మాత్రమే పుట్టే జాతిలో, కట్టించాల్సిన వయసులో ఉన్న ఒక మగకుక్కకి అది కనీసం ఒక జతకాలం నష్టం.